అడగకముందే వచ్చిన జవాబు

దగ్గరికి జరిగి కూర్చోండి, చేతిలో పనుంటే కాసేపు పక్కన పెట్టండి. దయ్యాలూ భూతాలూ ఉన్నాయంటే నేను ఏనాడూ నమ్మలేదు. గౌలిపురలో పాలమ్ముకునే ఇంట్లో పుట్టాను. కోడి కూయకముందే ఒక్కదాన్నే బర్రెల దగ్గరికి పోయేదాన్ని, ఏదీ నన్ను పట్టుకోలేదు. చదువు మూడో తరగతితో ఆగింది గానీ, చూసింది మరచిపోను. ఇది నేను చూసిందే.

మా గల్లీలోకి సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. సంతోష్‌నగర్‌లో రక్తదాతల పేర్లు రాసిపెట్టే ఆఫీసు ఒకటి ఉండేది. నేనక్కడ ఊడ్చి, చాయ్ పెట్టేదాన్ని. ఊళ్ళోని రక్తదాన కేంద్రాల జాబితాలన్నీ వెతికి, ఏ గ్రూపు మనిషి ఎక్కడున్నాడో చెప్పే పెద్ద కంప్యూటర్ ఒక చల్లటి గదిలో ఉండేది. సర్వర్ అనేవారు. దాన్ని చూసుకునే శ్రీనివాసు గుంటూరు వైపు అబ్బాయి. నన్ను పిన్నిగారూ అని పిలిచేవాడు.

ఆ సర్వర్‌తో ఒకటే తంటా. ఏదడిగినా ఇరవై నిమిషాలు తిరిగేది. అందుకని శ్రీనివాసు దానికి కాష్ అని ఒకటి పెట్టాడు. అదేమిటని అడిగితే నా చేతిలోని ఫ్లాస్కు చూపించాడు.

“మొదట అడిగినవాళ్ళకి మీరు చాయ్ కాచాలి కదండీ. తర్వాత వచ్చినవాళ్ళకి ఫ్లాస్కులోంచి వంచేస్తారు. ఇదీ అంతే. ఒకరడిగిన ప్రశ్నకి జవాబు దాచుకుంటుంది. అచ్చం అదే ప్రశ్న ఇంకొకరు అడిగితే చిటికెలో ఇచ్చేస్తుంది.”

“మరి పొద్దుగాల చాయ్ పొద్దుమూకినంక పోస్తే మొఖం మీద కొడ్తరు గద, కొడుకా?” అన్నాను.

నవ్వాడు గానీ, జరిగింది అదే. జవాబులు రోజంతా నిలిచేలా పెట్టాడు. పొద్దున రక్తమిచ్చి పోయిన పెద్దమనిషి పేరు పాత జవాబులో అలాగే ఉండి, మధ్యాహ్నం ఆయనకే మళ్ళీ ఫోన్ వెళ్ళింది. “నా ఒంట్ల ఏమన్న బోరింగ్ ఏసిన్రా?” అని ఆయన ఆఫీసుకొచ్చి లొల్లి చేశాడు. ఆఫీసు నడిపే మేడమ్ శ్రీనివాసుకు చీవాట్లు పెట్టింది.

మర్నాడు పన్నెండున్నరకు అతను దాచిన జవాబులన్నీ తుడిచేశాడు. ఇకమీద గంటసేపే ఉండేలా మార్చి, భోజనానికి పోయాడు. నేను పక్కనే ఉన్నాను.

అది రంజాన్ నెల. ఎండకు గల్లీ అంతా నిద్రపోతున్నట్టుంది. నేను సర్వర్ గదిలోకి పోయి, లోపల గొళ్ళెం పెట్టుకుని చాప మీద ఒరిగాను. ఆ యంత్రం హోరు వింటే ఎక్కడో దూరంగా వాన పడుతున్నట్టుండేది. కళ్ళు మూతలు పడ్డాయి.

ఆ మగతలో మీటల చప్పుడు వినిపించింది. శ్రీనివాసు కొట్టేలా టకటకా కాదు. ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ, ఆగి ఆగి, పలక మీద కొత్తగా దిద్దుకునేవాళ్ళలాగా. కళ్ళు తెరవాలనిపించలేదు. నీళ్ళ మీద తేలుతున్నట్టుంది ఒళ్ళంతా. ఎవరో నా మనిషే దగ్గర కూర్చున్నట్టు ఒక నిబ్బరం.

లేచేసరికి ఎవరూ లేరు. గొళ్ళెం పెట్టింది పెట్టినట్టే ఉంది.

తలుపు తీసి బయటికి వచ్చానో లేదో ఫోన్ మోగింది. మా అల్లుడు. నా కూతురు సుజాతను పొద్దున్నే కాన్పుకు చార్మినార్ దగ్గరి నర్సింగ్ హోమ్‌లో చేర్చాం. సాయంత్రం దాకా కాదన్నారని నేను పనికి వచ్చాను.

“అత్తమ్మా, పాప పుట్టింది. సుజాతకు రక్తం ఆగుతలేదు. ఓ నెగెటివ్ అంట. ఉన్న ఒక్క సీసా ఎక్కిస్తున్రు. జర జల్ది చూడు!”

శ్రీనివాసు అప్పుడే భోంచేసి వచ్చాడు. నా మొహం చూసి రిసీవర్ అందుకుని విన్నాడు. వెంటనే వెళ్ళి సర్వర్ ముందు కూర్చున్నాడు.

“ఇందాకే అంతా తుడిచేశానండీ, పిన్నిగారూ. ఇరవై నిమిషాలు పడుతుంది. ఏం చేయను?” అంటూనే ప్రశ్న కొట్టాడు: ఓ నెగెటివ్, చార్మినార్ వైపు, మూడు నెలలుగా రక్తం ఇవ్వనివాళ్ళు.

మీట మీది నుంచి వేలు తీయలేదు, జవాబు వచ్చేసింది. ఒక్కటే పేరు. గాజుల దుకాణం యూసుఫ్ భాయ్.

శ్రీనివాసు ఆయనకు ఫోన్ కలిపాడు, నేను ఆటో ఎక్కాను. ఆయన దుకాణం పక్కవాళ్ళకు అప్పజెప్పి, నర్సింగ్ హోమ్‌కు నడిచే వచ్చాడు. ఉపవాసం, రోజా ఉన్నారు కదా భాయ్ అని నేనంటే, “రోజా ఇంకోరోజు ఉంటనమ్మా. నీ బిడ్డ మళ్ల దొరుకుతదా?” అన్నాడు. ఇంకో ఇరవై నిమిషాలు ఆలస్యమైతే మా చేతుల్లో ఉండేది కాదని డాక్టరమ్మ తర్వాత చెప్పింది.

మర్నాడు శ్రీనివాసు సర్వర్ చిట్టా తీశాడు. ఎవరు ఏ వేళకు ఏమడిగారో అది తనంతట రాసుకుంటుందట. మా ప్రశ్నకు ముందు అచ్చం అదే ప్రశ్న ఇంకొకటి ఉంది. ఆ గదిలోంచే, ఒంటిగంటా ఐదుకు. ఇరవై నిమిషాలు తిరిగి, జవాబు దాచుకుని ఉంది. యంత్రం గడియారం తప్పేమోనని సరిచూశాడు. సరిగానే ఉంది. ఒంటిగంటా ఐదుకు సుజాతకు ఇంకా కాన్పే కాలేదు.

“పిన్నిగారూ, మీరేనా?” అన్నాడు మెల్లగా.

“నాకు ఏబీసీడీలే రావు, కొడుకా. నేనేం అడుగుత?”

అతను నవ్వలేదు. నా చేతుల వైపు చూశాడు. నేనూ చూసుకున్నాను.

నిద్రలో నా వేళ్ళకే రాని చదువు వచ్చిందో, నా బిడ్డ కోసం ఇంకెవరైనా వచ్చి అడిగారో, ఈనాటికీ చెప్పలేను. సుజాత బతికింది. అంతవరకే నాకు తెలుసు.

మీ ఇల్లు చల్లగుండాలి. ఆపద గడప తొక్కకముందే, మీకు కునుకు పట్టిన వేళ మీ తరఫున అడిగేవాళ్ళు ఒకరు మేలుకుని ఉండాలి.