మంగళవారం తీసిన గడప

2012 మార్చి 13, మంగళవారం, ఉదయం పది గంటల పది నిమిషాలు. అమెరికాలో, ప్లేనోలో మేముండే మా అమ్మాయి ఇంటి ముందు తెల్ల కారు ఆగింది. అందులోంచి దిగిన థెరపిస్టు ఆవిడ మా ఇల్లు చూసి, మా ఆయన్ని ఇంటికి పంపవచ్చో లేదో తేల్చాలి. బాత్రూమ్‌లో జారి తుంటి విరిగి, ఆపరేషన్ అయ్యాక ఆయన ఆరు వారాలుగా, మళ్ళీ నడక నేర్పే రిహాబ్‌లో ఉన్నాడు. ఇల్లు పనికిరాదంటే అటునుంచి అటే, ముసలివాళ్ళని ఉంచేసే నర్సింగ్ హోమ్‌కి. చారు లేని చోట, మాట తెలియని చోట ఆయన నెల కూడా బతకడని నా భయం.

ఇంట్లో ఏమేం మార్చాలో ఆవిడ ముందే జాబితా పంపింది. అమ్మాయి చదువుతుంటే నేను తెలుగులో రాసుకున్నాను. అరవై దాటాక నేర్చిన అక్షరాలు, ఒక్కొక్కటీ గుమ్మడికాయంత. బాత్రూమ్‌లో పట్టుకునే కడ్డీలు, టబ్బులో కుర్చీ, కమోడ్ మీద ఎత్తు పీట, తివాచీలు తీసెయ్యడం. అన్నింటికీ టిక్కు పెట్టాను, ఒక్కదానికి తప్ప. ఇంట్లోకి వచ్చే దారిలో ఎత్తు ఉండకూడదట.

ఆ ఎత్తు నేను పెట్టించిందే. గృహప్రవేశానికి వచ్చినప్పుడు, "గడప లేని ఇల్లేం ఇల్లు? పసుపెక్కడ రాయను, నా నెత్తినా?" అని సాధించాను. పోరు పడలేక అల్లుడు గుమ్మానికి బయటవైపు కింద రెండంగుళాల ఎత్తు చెక్క బిగించాడు. శుక్రవారం శుక్రవారం పసుపు రాసేదాన్ని. ఆయన మంచాన పడ్డాక రోజూ రాశాను. ఆయన ప్రాణం మీదికొచ్చిన వేళ దాన్ని పీకించనా? ఎవరికీ చెప్పకుండా పొద్దున్నే దానిమీద పెద్ద డోర్ మ్యాట్ పరిచేశాను.

ఆవిడ మ్యాట్ వంక చూడకుండానే దాటి లోపలికొచ్చింది. కడ్డీల మీద తన బరువంతా వేసి గుంజింది, తలుపుల వెడల్పు కొలిచింది. నేను వెనకాలే తిరిగాను. చివర్న కారులోంచి వాకర్ తెచ్చి, ఆయనే వస్తున్నట్టు నడుస్తూ లోపలికి రాబోయింది. మ్యాట్ మడతపడింది. చక్రం గడపకి కొట్టుకుంది. ఆవిడ ముందుకు తూలి తలుపు పట్టుకుంది. తర్వాత వంగి మ్యాట్ ఎత్తింది.

స్కూలుకి సెలవని ఇంట్లోనే ఉన్న మనవరాలు ఆవిడ మాట నాకు చెప్పింది. "అమ్మమ్మా, ఇది ఉంటే తాత పడిపోతాడు అంట. సైన్ చేయదు అంట."

"మ్యాట్ నువ్వేశావా అమ్మా?" అంది అమ్మాయి.

"నేనే వేశాను. అయితే?"

అల్లుడు మా అన్న కొడుకే. ఫోన్‌లో నడుస్తున్న ఆఫీస్ మీటింగ్ వదిలేసి పై గదిలోంచి వచ్చాడు. "అత్తయ్యా, పది నిమిషాల పని. ఆవిడ ఉండగానే తీసేస్తాను."

"మంగళవారం పూట గడప పీకుతావురా? బుర్రుందా? రేపు రమ్మను."

"మళ్ళీ అపాయింట్‌మెంట్ అంటే రెండు వారాలు. ఈలోపు మామయ్యని నర్సింగ్ హోమ్‌కి పంపేస్తారు."

అమ్మాయి వాళ్ళ నాన్నకి ఫోన్ కలిపి, సంగతి చెప్పి స్పీకర్‌లో పెట్టింది.

"ఏమే, ఆ చెక్కకి ఇన్నేళ్ళు పసుపు రాశావు. నా మోకాళ్ళకి ఒక్కనాడన్నా నూనె రాశావా?"

"నోరు ముయ్యవయ్యా. నీకోసమే రాశాను."

"అయితే నాకోసమే పీకించు. ఇక్కడ చిక్కుడు గింజలక్కూడా బెల్లం పోస్తున్నారే."

అల్లుడు మరలు విప్పే డ్రిల్ తెచ్చాడు. "ఇటియ్యి" అన్నాను. దోషమేదైనా ఉంటే నాకే తగలాలి. బరువుకి చెయ్యి నిలవకపోతే వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. నాలుగు మరలు. ఒక్కోటీ ఊడదీశాను. ఆవిడ వాకర్ ఈసారి ఆగకుండా లోపలికి వచ్చింది. కాగితం మీద సంతకం పెట్టింది.

చెక్కని పారెయ్యనివ్వలేదు. దేవుడి అలమరా పక్కన నిలబెట్టాను. శుక్రవారం ఆయన ఇంటికొచ్చాడు. మూడేళ్ళయింది, ఇక్కడే తిరుగుతున్నాడు. కానీ ఆయన దగ్గినా, కాలు తడబడినా నాకా మంగళవారమే గుర్తొస్తుంది. ఏదన్నా జరిగితే ఆ పాపం నా చేతిదే. అందులో మిగతావాళ్ళకి భాగం లేదు, ఆ వేళ నాతో ఉన్నారంతే: మా అమ్మాయి, నా చెయ్యి నిలబెట్టిన అల్లుడు, మనవరాలు, నేను పేరు కూడా అడగని ఆ థెరపిస్టు, ఫోన్‌లో మా ఆయన.