అత్త కుండీ, నానమ్మ కుండీ

నా చిన్నప్పుడు మా ఇంట్లో మనిషికి నలతగా ఉన్నా, మొక్కకు నలతగా ఉన్నా వైద్యం మా నానమ్మదే. మనిషికైతే పత్యం, మొక్కకైతే నీళ్లు. రెండూ ఎంత ఎక్కువైతే అంత మంచిదని ఆమె నమ్మకం. ఆ నమ్మకంతోనే మమ్మల్నందరినీ పెంచింది కాబట్టి ఎవరూ ఎదురు చెప్పేవాళ్లు కాదు.

అప్పుడు మేము మధురానగర్‌లో ఉండేవాళ్లం. కింద మా వాటా, పైన అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులు నేర్చుకునే అమ్మాయిల హాస్టల్. మేడ మీద సగం వాళ్ల బట్టల తీగలు, మిగతా సగంలో మా తులసికోట. కోట పక్కన రెండు సిమెంటు కుండీల్లో లావెండర్ మొక్కలు ఉండేవి. వాటిని నర్సరీ నుంచి తెచ్చింది మా మేనత్త. నాన్నకు చెల్లెలు, మాతోనే ఉండేది, సోమాజిగూడలో ఒక ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేసేది. మొదటి చలికాలం ఆ మొక్కలు ఊదారంగు పూలు పూశాయి. అత్త డ్యూటీ నుంచి రాగానే మేడ ఎక్కి, రెండు ఆకులు వేళ్ల మధ్య నలిపి, ఆసుపత్రి వాసన పోయిందని చెప్పి కిందికి దిగేది.

ఆ ఎండాకాలం అత్తకు పచ్చకామెర్లు వచ్చాయి. నెలల తరబడి మంచం పట్టింది. మొక్కలను కత్తిరించాల్సిన మనిషి మంచం మీద ఉంటే, నీళ్లు పోసే మనిషి రోజూ మేడ మీద ఉంది. లావెండర్ పూత తులసి వెన్నులాగే ఉంటుంది, ఆకు వాసన వేస్తుంది, పైగా కోట పక్కనే ఉంది. ఈ మూడు కారణాలతో నానమ్మ దాన్ని దేవుడి మొక్కల్లో కలిపేసింది. తులసికి ప్రదక్షిణ అయ్యాక దానికీ ఒక చెంబెడు నీళ్లు, కుండీకి కుంకుమబొట్టు, వీలైనప్పుడు బియ్యం కడిగిన నీళ్లు. వానాకాలంలో కూడా ఈ సేవ ఆగలేదు. దసరా నాటికి మట్టి మీద నాచు పట్టింది. కొమ్మలు నడిమికి విడిపోయి నలుదిక్కులకూ వాలాయి. అడుగున అంతా కట్టెపుల్లల్లా గోధుమరంగు, చివర్లలో మాత్రమే కాస్త బూడిదపచ్చ ఆకు.

అత్తకు అప్పటికే నయమైంది. రిపోర్టులన్నీ బాగున్నాయి, మామూలు తిండి తినమని డాక్టరు కూడా చెప్పాడు. నానమ్మ పత్యం మాత్రం ఆగలేదు. ఉప్పు లేని పప్పుకట్టు, మెత్తటి అన్నం, నూనె చుక్క లేదు. మెట్లు ఎక్కకూడదు, గడప దాటకూడదు, ఉద్యోగం ఊసు ఎత్తకూడదు. ఆసుపత్రి వాళ్లు కార్తీకమాసం చివరి వరకే సెలవు ఇచ్చారు. ఆలోపు చేరకపోతే ఆ చోట్లో ఇంకొకరిని తీసుకుంటామన్నారు. ఇంట్లో ఈ మాట వచ్చినప్పుడల్లా నాన్న పేపరు కాస్త పైకి ఎత్తుకునేవాడు.

దసరా సెలవుల్లో ఒకరోజు నానమ్మ స్నానానికి వెళ్లిన సమయం చూసి అత్త గోడ పట్టుకుంటూ మేడ ఎక్కింది. కుండీల ముందు చాలాసేపు కూర్చుంది. తర్వాత నన్ను కత్తెర తెమ్మంది. నేను తెచ్చేసరికి నా వెనకే నానమ్మ కూడా వచ్చింది.

"దేవుని చెట్టుకు కత్తెర పెడతవా? దవాఖానల నెత్తురు తీసీ తీసీ నీ చెయ్యి ఊకుంటలేదు."

"ఇది దేవునిది కాదమ్మా, నర్సరీది. ఇప్పుడు బొట్టు పెట్టినవ్, రేపు చీర సుత కడతవ్."

"వాసనొచ్చే చెట్టు ఏదైనా దేవునిదే బిడ్డా."

అత్త కాసేపు ఊపిరి తీసుకుని ఒక పందెం పెట్టింది. "చెరొక కుండీ తీసుకుందాం. నీదానికి నువ్వేం చేస్తవో చేసుకో, నాదాన్ని మాత్రం ముట్టకు. కార్తీకం పోయేలోపు నాది చిగురేస్తే నేను డ్యూటీకి పోత. ఎయ్యకుంటే ఉగాది దాకా నీ సప్పిడి కూడే తింట, పల్లెత్తు మాట అనను."

నానమ్మ రెండు కుండీలనూ మార్చి మార్చి చూసింది. ఆమెకు అందులో ఓడిపోయేదేమీ కనిపించలేదు. సరేనంది.

అత్త ముందు మొక్కను మట్టితో సహా పైకి తీసింది. మూసుకుపోయిన కుండీ అడుగు రంధ్రాన్ని పుల్లతో పొడిచి తెరిచింది. కుళ్లి నల్లబడిన వేర్లు తీసేసి, మట్టిలో ఇసుక, చిన్న ఇటుకముక్కలు కలిపి మళ్లీ నాటింది. తర్వాత కత్తెర. ఒక్కో కొమ్మనూ చివరి నుంచి కిందికి వేళ్లతో తడుముతూ వచ్చి, ఆకులు ఎక్కడ ఆగిపోతున్నాయో చూసి, అక్కడికి పైన రెండు మూడు జతల ఆకులు ఉంచి కోసింది. దాంతో ఒక కొమ్మ పొడుగు, ఒకటి పొట్టి అయ్యాయి. నాకు అది అస్సలు నచ్చలేదు. స్కేలు పెట్టినట్టు అన్నీ ఒకే ఎత్తులో ఎందుకు కొయ్యకూడదని అడిగాను.

ఆమె కసరలేదు, వివరించలేదు. ఒక కొమ్మకు పాత రిబ్బను ముక్క కట్టి, ఇది నీది, నీకెట్ల నచ్చితే అట్ల కొయ్యి, చూద్దామంది. నేను దాన్ని ఆకులన్నీ పోయేలా, కట్టె ఉన్న చోటికి శుభ్రంగా కోశాను. చూడటానికి అన్నిటికన్నా నాదే పొందికగా ఉంది.

తర్వాతి వారాలు అత్తకు మంచివి కావు. ఆమె మొక్క బోడిగా, ఎండలో ఒంటరిగా ఉండేది. నానమ్మ మొక్క మాత్రం నీళ్లు తాగి, వాలిన కొమ్మలతోనే అయినా నిండుగా కనిపించేది. బట్టలు ఆరేసే హాస్టల్ అక్కలు ఈ బోడిదానికి ఏమైందని అడిగేవాళ్లు. అత్త ఎప్పుడో ఒకసారి మట్టిలో వేలు దించి, లోపల కూడా పొడిగా ఉంటేనే కాసిన్ని నీళ్లు పోసేది. కిందికి వచ్చి సప్పిడి పప్పు కలుపుకుంటూ కేలెండరు వైపు చూసేది. ఒకరోజు ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. వస్తానని గట్టిగానే చెప్పింది గానీ, రిసీవర్ పెట్టాక మళ్లీ కేలెండరు దగ్గరికే వెళ్లింది.

ఒక ఉదయం నా యూనిఫాం తెచ్చుకోవడానికి మేడ ఎక్కాను. తులసికోట దగ్గర నానమ్మ ఉంది. బట్టల చాటున ఉన్న నన్ను చూడలేదు. తన కుండీకి నీళ్లు పోసింది, ఇంకా సగం చెంబు మిగిలింది. అత్త కుండీ దగ్గరికి వచ్చి నిలబడింది. చెంబు వంచింది. నీళ్లు అంచు దాకా వచ్చాయి. అక్కడ ఆగి, చెంబు కింద పెట్టి, అత్త చేసినట్టే మట్టిలోకి వేలు దించింది. తీసి చూసుకుంది. కొంగుకు తుడుచుకుంది. మిగిలిన నీళ్లన్నీ తులసిలో పోసి మెట్ల వైపు నడిచింది.

ఆమె పందెం నిజాయితీగా ఆడుతోందని మాత్రమే అప్పుడు అనుకున్నాను. అంతకన్నా పెద్ద పనే అది. ఆమె లెక్కలో నీళ్లు లేకపోతే మొక్క చచ్చిపోతుంది. కళ్ల ముందు కూతురి మొక్క ఎండిపోతోందని ఆమె మనసారా నమ్ముతోంది. ఆ నమ్మకాన్ని పక్కన పెట్టి, కూతురికి తెలిసిందేమిటో ఒక్కసారి వేలితో తాకి చూసింది. ఆమె వయసులో అది ఎంత కష్టమో నాకు చాలా ఏళ్లు పట్టింది తెలియడానికి.

కార్తీకం పోవడానికి ఇంకా కొన్ని రోజులు ఉందనగా ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాలకు కూర్చున్నాం. అత్త కంచంలో నానమ్మ పప్పు వడ్డించింది. అత్త ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. కంచంలోకి వంగి చూసింది. పప్పులో పోపు తేలుతోంది, పచ్చిమిరపకాయ ఉంది, ఉప్పు ఉంది. నాన్న తలెత్తలేదు. నానమ్మ నాకు పెరుగు వెయ్యడంలో మునిగిపోయింది. నేను ఎంగిలి చేత్తోనే మేడ మీదికి పరుగెత్తాను. కోసిన ప్రతి చోటా, మిగిల్చిన ఆకుల మొదట్లోంచి, బియ్యపు గింజంత చిగుళ్లు లేచి ఉన్నాయి. రిబ్బను కట్టిన నా కొమ్మ మాత్రం పుల్లలాగే ఉంది. అది తర్వాత కూడా ఎప్పుడూ చిగురించలేదు.

నేను దిగి వచ్చేసరికి అత్త కళ్లు తుడుచుకుంటూ రెండోసారి పప్పు వేసుకుంటోంది. నానమ్మ అప్పుడు అంది, ఎవరి వైపూ చూడకుండా: "పొద్దుగాలనే చూసిన. తిన్నంక నాదానికి సుత జర కత్తెర పెట్టు. పచ్చ ఉన్నకాడికే."

ఆ సోమవారం అత్త డ్యూటీకి వెళ్లింది. నానమ్మ గేటు దాకా వచ్చి, ఆటో ఎక్కనిచ్చి, లోపలికి వెళ్లి కూరగాయలు తరగడం మొదలుపెట్టింది. ధ్యాస ఎక్కడుందో గానీ, ఆ రోజు కూరకు ముక్కలు చాలా పెద్దవిగా పడ్డాయి.

నేను ఇప్పుడు పంజాగుట్టలో ఉంటున్నాను, ఇంజనీరుగా పనిచేస్తున్నాను. పనిలో ఏదైనా తీసెయ్యాల్సి వస్తే ముందు అందులో బతికున్నది ఎక్కడిదాకా ఉందో వెతకడం అత్త దగ్గర వచ్చిన అలవాటు. అది సులువుగానే అబ్బింది. నానమ్మ దగ్గర చూసినది మాత్రం ఇంకా సాధన చేస్తూనే ఉన్నాను. మొన్న నాన్నకు మోకాలి ఆపరేషన్ అయింది. నడవమని డాక్టరు చెప్పిన వారానికి, ఒక్కడినే సందు చివరిదాకా వెళ్లి పాలు తెస్తానన్నాడు. తడి రోడ్డు, ఎదురుగా వచ్చే బండ్లు, కుక్కలు, తవ్వి వదిలేసిన గుంత, అన్నీ వరుసగా నా తలలోకి వచ్చాయి. వెంట వెళ్దామని చెప్పుల్లో కాలు కూడా పెట్టాను. నాన్న వెనక్కి తిరిగి ఒకసారి నా కాళ్ల వైపు చూశాడు. నేను చెప్పులు విడిచేశాను. ఆయన కర్ర చప్పుడు సందు మలుపు దాకా వినిపించింది, తర్వాత వినిపించలేదు. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను.