రంగు నీళ్ళు వంచే సతీషు

మా మనవడు సతీష్‌కుమార్‌కు ముప్పై నాలుగేళ్ళు. కోయంబత్తూరులో గణపతి అనే పేటలో పంపుమోటార్లు చేసే ఒక వర్క్‌షాపులో వైండింగు పని. రాగి తీగ చుట్టి, వార్నిషులో ముంచి, ఓవెన్‌లో పెట్టాక కాసేపు ఖాళీ దొరుకుతుంది. ఆ ఖాళీలో ఫోను తీసి ఒక ఆట ఆడతాడు. తెర మీద గాజు సీసాలుంటాయి. వాటిలో రంగు నీళ్ళు ఒకదాని మీద ఒకటి పొరలుగా నిలిచి ఉంటాయి. ఈ సీసాలోంచి ఆ సీసాలోకి వంచుతూ పోయి, చివరికి ఒక్కో సీసాలో ఒక్కో రంగే మిగిలేట్టు చెయ్యాలి. అవతల ఎవరూ ఉండరు. గడియారం ఉండదు. ఓడితే మళ్ళీ వంచుకోవచ్చు. గెలిస్తే ఇంకొన్ని సీసాలు వస్తాయి.

"దీంట్లో ఏముందిరా?" అని ఒకసారి అడిగాను.

"ఏమీ లేదు తాతా. సుమ్మా."

తెలుగువాళ్ళమే గానీ తరతరాలుగా తమిళుల మధ్య బతుకుతున్నాం. మా ఇళ్ళలోంచి 'ఊరికే' అనే మాటను ఈ 'సుమ్మా' ఎప్పుడో తరిమేసింది. ఆ జవాబు మాత్రం నాకు నచ్చలేదు. చిన్నప్పుడు మా కాన్వెంటులో సిస్టర్లు తప్పు చేశానన్న పిల్లవాణ్ణి వదిలేసేవారు. ఏమీ చెయ్యలేదన్నవాణ్ణే పట్టుకుని నిలదీసేవారు.

మూడేళ్ళు వెతికాక వాడికి ఒక జాతకం కుదిరింది. పిల్ల పేరు లోకేశ్వరి. మా ఊళ్ళోనే, ఆర్.ఎస్. పురంలో కళ్ళజోళ్ళ దుకాణంలో పని చేస్తుంది. ఇద్దరూ ఒకసారి ఫోనులో మాట్లాడుకున్నారు. ఖాళీగా ఉంటే ఏం చేస్తావని ఆమె అడిగిందట. సుమ్మా ఉంటానన్నాడట వీడు. ఆమె నవ్విందట. ఆ సాయంత్రం సతీషు బండి కడిగాడు. ముఖంలో ఏమీ లేదు గానీ, కడిగిన బండినే మళ్ళీ కడిగాడు. ఈ సంబంధం తప్పిపోకూడదని నేను అనుకున్నది అప్పుడే.

మా వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. ఇంటికి వచ్చే ముందు పిల్ల తరపువాళ్ళు చెప్పకుండా వచ్చి, పెళ్ళికొడుకు పనిచేసే చోటా టీ తాగే చోటా విచారిస్తారు. లోకేశ్వరికి తండ్రి లేడు. మేనమామ సుందరరాజన్‌దే పెద్దరికం. చిన్నమనూరులో ఆయనకు ద్రాక్షతోట. ఆయన వచ్చి వర్క్‌షాపు ఎదుట బేకరీలో కూర్చుని అడిగాడు. బేకరీ కణ్ణన్‌కు సతీషంటే ప్రాణం. "తంగమాన పిల్లోడుంగ, బంగారమే. తాగేది లేదు, పొగ లేదు. ఎప్పుడూ ఫోన్లో గేమ్, అంతే" అని మెచ్చుకున్నాడు.

ఈ కాలంలో ఫోనులో గేమంటే పెద్దవాళ్ళ చెవికి ఒక్కటే వినిపిస్తుంది. డబ్బు పెట్టి ఆడే రమ్మీ.

ఆదివారం పొద్దున సుందరరాజన్, భార్య వేదవల్లితో మా ఇంటికి వచ్చాడు. నా కూతురు, సతీషు తల్లి చెన్నమ్మాళ్ వంట చేసి, అరిటాకులు కోసి పెట్టుకుంది. సంబంధం ఖాయం కానిదే పిల్ల తరపువాళ్ళు పెళ్ళికొడుకు ఇంట్లో భోజనానికి చెయ్యి తడపరు. తడుపుతారనే దాని ఆశ.

"ఏమి కన్నూ, ఫోన్లో గేమ్ ఆడతావంటనే?" అన్నాడు సుందరరాజన్.

నేను అడ్డం పడ్డాను. "గేమా! వీడు చుట్టిన మోటారు పల్లడం ఊర్లో నీళ్ళెత్తి కొడితే, మీద పోతా ఉండే గద్ద తడిసి కింద పడె. వీడికి గేముకు టైమేది?"

"ఆ గద్దకు జలుబు చేసెనా పెద్దయ్యా?" అని వేదవల్లి నవ్వింది. ఆయన నవ్వలేదు.

"ఆడతాను మామా" అన్నాడు సతీషు.

"రమ్మీనా?"

"లేదు. రంగు నీళ్ళు." ఫోను తీసి చూపించాడు.

వేదవల్లి కళ్ళజోడు పెట్టుకుని వంగింది. "ఆ పచ్చ ఎత్తి దీంట్లో పొయ్యి కన్నూ... అయ్యో, కింద నీలం ఉండాదే!"

"గెలిస్తే ఏమిస్తారు?" అన్నాడు ఆయన.

"ఏమీ ఇయ్యరు."

"ఓడితే?"

"ఏమీ పోదు."

"మరి ఎందుకు ఆడతావు?"

సతీషు నిజంగానే ఆలోచించాడు. "ఆడేటప్పుడు తలలో ఏమీ ఉండదు మామా. అంతే."

చెన్నమ్మాళ్ వంటింట్లోంచి దూసుకొచ్చింది. "ఏమీ లేనిదైతే తీసెయ్‌రా! మామ ఎదురుగానే తీసెయ్!"

వాడు కాస్తయినా గునుస్తాడనుకున్నాను. తెర మీది ఆట గుర్తు మీద బొటనవేలు పెట్టి నొక్కాడు. ఆట మాయమైంది. "పోయింది" అన్నాడు, కరెంటు పోయిందన్నట్టు.

నా కూతురు ఆకుల మీద నీళ్ళు చల్లడం మొదలుపెట్టింది. సుందరరాజన్ మాత్రం వాడి ముఖమే చూస్తున్నాడు.

"మా తమ్ముడు రమ్మీ ఆడినాడు పెద్దయ్యా" అన్నాడు చివరికి. "సగం తోట పోయె. మా అమ్మ ఎదురుగా ఇట్లనే తీసేసినాడు. మళ్ళా ఎక్కించుకున్నాడు, మళ్ళా తీసేసినాడు. ప్రతిసారీ ఇదే ముఖం. ఇప్పుడు వాడు లేడు."

"ఇది రమ్మీ కాదు మామా."

"తెలుసు కన్నూ. కండ్లతో చూస్తినే. నువ్వు కొంచెం కోపం చేసుకున్నా, వద్దన్నా సరిపోయుండు. ఈ ముఖం చూసి పిల్లను ఇచ్చేదానికి నాకు ధైర్యం లేదు."

ఇద్దరూ లేచారు. గుమ్మం దగ్గర వేదవల్లి సతీషు గడ్డం పట్టుకుని, "ఆ నీలం అట్లనే నిలిచిపోయెనే" అంది.

ఆ ఆకుల్లో మేమే తిన్నాం. గద్ద కథకు కాస్త తోక తగిలించి చెప్పాను. ఎవరూ వినలేదు. సతీషు అన్నం అంతా తిన్నాడు, మజ్జిగ కూడా పోయించుకున్నాడు.

తర్వాత వాకిట మెట్టు మీద కూర్చుని ఫోను తీశాడు. నేను పక్కన కూర్చున్నాను. ఆట మళ్ళీ ఎక్కించుకున్నాడు. ఇన్నాళ్ళు ఆడిందంతా చెరిగిపోయింది. మొదటినుంచీ రావాలి.

"బాధగా ఉందారా?"

"తెలీదు తాతా."

"మరి ఇది ఎందుకు మళ్ళీ?"

సుమ్మా అంటాడని చూశాను. అనలేదు.

తెర మీద రెండే సీసాలు. రెండింట్లోనూ ఒకటే రంగు, నీలం. ఒక్కసారి వంచితే అయిపోతుంది. చంటిపిల్ల కూడా వంచుతుంది.

ఆడేటప్పుడు తలలో ఏమీ ఉండదన్నవాడు, వేలు పైన ఉంచి చాలాసేపు వంచలేదు.