గంపలోకి చూసిన కళ్లు

మొన్న పక్కింట్లో పసిబిడ్డకి ఆముదం కాచి రాస్తుంటే, ఆ వాసనకి నా కళ్లు వాటంతటవే మూసుకున్నాయి.

నాకప్పుడు ఏడేళ్లు. గుడ్డు పెట్టే కోడిని చూడకూడదని, చూస్తే గుడ్డు కడుపులోనే ఆగిపోతుందని అమ్మమ్మ చెప్పేది. ఒకరోజు పొద్దున్నే పెట్ట గంపలో కూర్చుంటే వంగి చూశాను. అదీ నన్ను చూసింది.

మధ్యాహ్నానికి ఆ పెట్ట మిరపకళ్లంలో, ఎర్రగా ఆరబోసిన కాయల మధ్య, మనిషిలా నిటారుగా నిలబడి ఉంది. తోక నేలకి ఆనింది. కదల్లేదు, అరవలేదు. నా వైపే చూస్తోంది.

"గుడ్డు అడ్డం తిరిగిందే," అంటూ అమ్మమ్మ గోరువెచ్చని ఆముదం రాసి దాని కడుపు నిమిరింది. "ఎవరే గంపలోకి తొంగిచూసింది?"

నేను అమ్మమ్మ వెనక్కి వెళ్లి నిలబడ్డాను. సాయంత్రం పెట్ట చచ్చిపోయింది. కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి.

అప్పుడు పిన్ని తొలికాన్పుకి మా ఇంట్లోనే ఉంది. ఆ రోజు నుంచి నేను ఆమె వైపు చూడలేదు. అన్నం కలిపి పెట్టినా తల వంచుకునే తిన్నాను.

"ఏమే, నా మీద అలిగావా?" అంది పిన్ని, నా గడ్డం పట్టుకుని. నేను కళ్లు గట్టిగా మూసుకున్నాను.

బిడ్డ క్షేమంగా పుట్టాడు. ఒంట్లో సున్నం చాలకపోతే కోడికి గుడ్డు ఇరుక్కుంటుందని ఇప్పుడు నాకూ తెలుసు. అయినా ఆ తమ్ముడు గుమ్మంలో కనబడిన ప్రతిసారీ అనుకుంటాను, వీణ్ణి బతికించింది నేనే.