సుధామయి పెట్టిన విందు

కెనడాలోని హాలిఫాక్స్‌లో తెలుగువాడు కనబడితే చాలు, సుధామయికి కాళ్లు నేల మీద ఆనవు. ఆస్పత్రిలో రక్తం తీసే ఉద్యోగం ఆమెది. సూది గుచ్చబోతూ తెలుగు పేరు చూసిందంటే, మీది ఏ ఊరని అడగకుండా వదలదు. చదువుకోడానికి కొత్తగా వచ్చిన పిల్లల్ని ఆదివారం పిలిచి అన్నం పెట్టకపోతే ఆమెకి వారం గడిచినట్టే ఉండదు. భర్త ఉద్యోగం దేశానికి ఆ చివర, సర్రీలో. ఇంట్లో ఉండేది తనూ, కొడుకు తారకూ.

తారక్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టులో కిక్కర్. ఇది బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికా తరహా ఫుట్‌బాల్. జట్టులో ఎంతమంది ఉన్నా గోల్ స్తంభాల మధ్యకి బంతిని తన్నేవాడు ఒక్కడే, రెండోవాడికి బెంచీయే గతి. సీనియర్ ఒకడు ఉండడంతో తారక్ రెండేళ్లు ఆ బెంచీ మీదే కూర్చున్నాడు. ఆ సీనియర్ చదువు ముగించి వెళ్లిపోయాడు. ఈ ఏడాది ఆ చోటు తనదేనని తారక్ చలికాలమంతా గడ్డకట్టిన మైదానంలో సాధన చేశాడు. కొడుకు కోసం సుధామయి మొక్కని దేవుడు లేడు.

సరిగ్గా అప్పుడే కోచ్ ఆమెకి ఫోన్ చేశాడు. శ్రీహర్ష అని ఒక తెలుగబ్బాయి, టొరంటో పక్కన ఏజాక్స్‌లో పెరిగి అమెరికా కాలేజీలో ఆడుతున్నాడు, అక్కణ్నించి బయటపడాలని ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో పేరు పెట్టుకున్నాడట. ఆ పోర్టల్ ఆటగాళ్ల పెళ్లిసంబంధాల వెబ్‌సైటు లాంటిది. జట్టు మారదలచినవాడు పేరు పెడతాడు, కోచ్‌లు చూసి కబురంపుతారు, పిల్లాడు వచ్చి ఊరు చూసుకుంటాడు. శనివారం మధ్యాహ్నం మీ ఇంట్లో భోజనం పెడితే అతనికి ఊరు నచ్చుతుందన్నాడు కోచ్. గడుసు మనిషి. ఏ స్థానంలో ఆడతాడో ఆయన చెప్పలేదు, ఈవిడ అడగలేదు. మనవాడు అన్న మాట దగ్గరే ఆవిడ చెవులు మూసుకుపోయాయి.

గుత్తివంకాయ, గోంగూర మాంసం, ముద్దపప్పు చేసింది. శ్రీహర్ష మొహమాటం పిల్లాడు. ఇంకో యూనివర్సిటీ కూడా పిలుస్తోందని, ఏదీ తేల్చుకోలేదని చెప్పాడు. ఇక సుధామయిని ఆపేదెవరు? సముద్రం, ఫెర్రీ, కోచ్ మంచితనం అన్నీ ఏకరువు పెట్టింది. ప్రతి ఆదివారం నీ భోజనం ఇక్కడేనంది. తారక్ తలవంచుకుని తింటున్నాడు. నువ్వేం ఆడతావని శ్రీహర్ష అడిగితే, ఇప్పటిదాకా బెంచీ మీదే ఉన్నానన్నాడు. వంటింట్లో పెరుగు తీస్తూ విన్న సుధామయి, వీడికెప్పుడూ తనని తాను తగ్గించుకోవడమేనని విసుక్కుంది.

భోజనాలయ్యాక అతన్ని హోటల్లో దింపడానికి ఆవిడే కారు తీసింది. వంతెన మీద శ్రీహర్ష నోరు విప్పాడు. అక్కడ రెండేళ్లు తనే కిక్కరట. అక్కడి కోచ్ పోర్టల్‌లోంచి ఇంకొకణ్ని తెచ్చుకున్నాడు. ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, ఫోన్‌లో చూసి తెలుసుకున్నాడు. ఇక్కడ కిక్కర్ చోటు ఖాళీగా ఉందని ఈ కోచ్ చెప్పాడట.

సుధామయికి తారక్ పేరు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. కోచ్ మీద ఒళ్లు మండింది, తన మీద తనకి అంతకంటే ఎక్కువ మండింది.

హోటల్ ముందు దిగబోతూ అతను ఆగాడు.

"ఆంటీ, మా అమ్మకి ఈ ఆట సంగతులేవీ తెలీవు. మీరే చెప్పండి. ఇక్కడికి రానా, వద్దా?"

వద్దు అన్న ఒక్క మాట చాలు, కొడుకు చోటు కొడుక్కి ఉంటుంది. కానీ ఆ పిల్లాడు ఇంకొక దెబ్బకి సిద్ధపడ్డవాడిలా చూస్తున్నాడు. కడుపునిండా అన్నం పెట్టి, నోరారా రమ్మని, ఇప్పుడు వద్దనడానికి ఆమెకి నోరు రాలేదు.

"రా నాన్నా," అంది.

ఇంటికొచ్చేసరికి తారక్ అంట్లన్నీ కడిగేసి వంటింట్లో కూర్చున్నాడు. నీకు ముందే తెలుసా అని అడిగింది. పోర్టల్‌లో అతని పేరు ఎప్పుడో చూశానన్నాడు. మరి నాకెందుకు చెప్పలేదంటే, నువ్వంత సంబరంగా వండుతుంటే ఎలా చెప్పనన్నాడు. ఆమెకి ఏడుపు ఆగలేదు. దాచుకోలేక కారులో జరిగింది కూడా చెప్పేసింది. అతను అడిగాడనీ, తను రమ్మన్నాననీ.

ఏం అడిగినా ఇంగ్లీషులోనే జవాబిచ్చే పిల్లాడు, ఈసారి తెలుగులో అన్నాడు.

"నిన్నే అడిగాడు కదా అమ్మా. ఒక్కసారి వద్దనలేకపోయావా?"