ఐదు మీది చుక్క

“నాలుగంటే నాలుగే అంకెలు! అవి కూడా దాచుకోలేకపోతే ఎలారా నీతో?”

“దాచుకోకేం అక్కా. షాపాయన చెవిలోనే చెప్పాను.”

“నువ్వు చెవిలో చెబితే బస్టాపు దాకా వినిపిస్తుంది. ఆ కార్డు ఇటియ్యి.”

“ఇవ్వను.”

“రెండు నెలల్లో మూడుసార్లు బ్లాకయింది. మూడుసార్లూ సెలవు పెట్టి బ్యాంకుకొచ్చింది ఎవరు, మన తాతా? ఇంకొక్క సెలవు అడిగానంటే మా సూపర్‌వైజరు నన్నే బ్లాక్ చేస్తుంది.”

మెట్ల మీద కూర్చుని బూట్లు వేసుకుంటున్నవాణ్ణి అలాగే ఆగిపోయాను. చాటుగా వినకూడదని తెలుసు. కానీ గొడవ అంత బాగుంటే చెవులు మూసుకునేంత మర్యాద నాకు లేదు.

కింది వాటాలో ఉండేది ఈ అక్కా తమ్ముడే. ఆవిడ ఆస్పత్రిలో రక్తపరీక్షల కౌంటర్లో కూర్చుంటుంది. ఆయన పేము బద్దలతో కుర్చీల సీట్లు అల్లుతాడు. సీటు చిరిగిన కుర్చీ ఈ చుట్టుపక్కల ఎక్కడున్నా ఆయన దగ్గరికే వస్తుంది. వీధిలో అందరికీ కుర్చీల బాబాయ్. పుట్టుకతోనే చూపు లేదు. ఈ మాట చుట్టూ తిప్పి చెబితే ఆయనకే చిరాకు. “చూపు లేదని చెప్పు, చాలు. మిగతా సరుకంతా ఉంది” అంటాడు.

నేను తలుపులోంచి తల పెట్టాను. “బాబాయ్, అసలు కార్డెందుకు బ్లాకయింది?”

“వచ్చాడమ్మా పెద్దమనిషి!” అంది ఆవిడ. “నీకు కాలేజీ లేదూ?”

“మానేశానాంటీ.”

“ఇంకేం, మాకు జడ్జి దొరికాడు.”

బాబాయ్ చేతిలో నానబెట్టిన బద్ద ఉంది. దాన్ని కుర్చీ చట్రం కన్నంలోంచి లాగి బిగిస్తూనే చెప్పాడు. కార్డు మిషన్లకి ఇదివరకు బటన్లుండేవి. అన్నింటిలోనూ ఐదు మీద ఆవగింజంత చుక్క ఎత్తుగా ఉంటుంది. “మిషను చేతికిస్తే నా వేలు ముందు దానిమీద వాలుతుంది. ఐదు దొరికిందా, మిగతావన్నీ నా పెరడే. ఇప్పుడు వీధిలో సగం షాపులు అద్దం మిషన్లు పెట్టేశాయి. అద్దం మీద చుక్కేదీ? అంచనా మీద కొట్టాను, తప్పింది. నిన్న ఆ కూరగాయల షాపాయన వెనక లైనుంది సార్, నంబరు చెప్పండి అన్నాడు. చెప్పేశాను.”

ఆ చుక్క సంగతి నేను నమ్మలేదు. వీధి చివర ఏటీఎంకి పోయి చూశాను. ఉంది. ఇన్నేళ్లుగా నా వేలి కిందే ఉంది, ఒక్కసారీ తగల్లేదు. కళ్లున్నాయి కదా, వేలికి పనేముంది?

తిరిగొచ్చేసరికి ఆవిడ తీర్పు చెప్పేసింది. ఆదివారం సాయంత్రం దాకా గడువు. రొట్టె, గుడ్లు, సబ్బులు, ఆవిడ బీపీ మాత్రలు. నాలుగు షాపులు. ఒక్కడే వెళ్లాలి, ఎవరికీ నంబరు చెప్పకూడదు, నోట్లు వాడకూడదు. తెచ్చాడా, కార్డు ఆయనదే. లేదా, అది ఆవిడ పర్సులోకి పోతుంది, ఏం కావాలన్నా ఆవిణ్ణే అడగాలి. నోట్లు ఎందుకొద్దంటే, చిల్లర పేరుతో ఆయన్ని ముంచినవాళ్లు చాలామందే ఉన్నారు.

ఆవిడ డ్యూటీకి వెళ్లాక బాబాయ్ చేతులు ఆగాయి. నేను పై వాటాలో చేరిన ఎనిమిది నెలల్లో అవి ఆగడం అదే మొదలు.

“నలభై అయిదేళ్లొచ్చాయిరా. షేవింగు బ్లేడు కావాలన్నా అక్కా, బ్లేడు అనాలా?”

“ఫోనుందిగా. యాప్ పెట్టుకో” అన్నాను, ఏదో కనిపెట్టినవాడిలా.

“ఎప్పుడో పెట్టుకున్నాను, మేధావీ.” ఫోన్ తీసి నొక్కాడు. అది గుక్క తిప్పుకోకుండా ఏదో వాగింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, ఆయన తల ఊపుతున్నాడు. “ఇందులో ఒక సుఖం ఉంది. కార్డయితే నేనేం నొక్కానో తెలుస్తుంది కానీ, వాడెంత కొట్టాడో తెలీదు. యాభైకి ఐదొందలు కొట్టినా నాకు ఒకటే. ఫోనయితే ఎంత పోతోందో ముందే చెవిలో చెబుతుంది. కానీ స్కాన్ చెయ్యాల్సిన ఆ స్టిక్కరు ఎక్కడుందో ఎవడు చెబుతాడు?”

“మరి పిన్ను బయటికి చదివెయ్యదా?”

“ఇయర్‌ఫోను పెట్టుకుంటాను. అప్పుడు ఒక చెవి ఫోనుకి పోతుంది, వీధికి ఒక్కటే మిగులుతుంది. నాకున్నవి రెండేగా.”

దీని అంతేమిటో చూడాలనిపించింది. మధ్యాహ్నం రెండింటికి రొట్టెల షాపుకి వెళ్లాం. షాపామె కునుకు తీస్తోంది. కౌంటరు మీద స్టిక్కరు అంటించిన ప్లాస్టిక్ స్టాండుంది. బాబాయ్ ఫోన్ చాపాడు. ముందు ఫ్యాను దొరికింది, తర్వాత నా మొహం.

“నువ్వు పక్కకి తప్పుకో. నిన్ను కొనేంత స్తోమత లేదు.”

షాపామె లేచింది. “కొంటారా, ఆడుకుంటారా?”

“రెండూనమ్మా” అని ఆయన ఫోన్ పక్కన పెట్టి, స్టాండుని రెండు చేతులతో పట్టుకున్నాడు. కుర్చీ ఫ్రేము కొలిచేటప్పుడు ఎలా పట్టుకుంటాడో అచ్చం అలాగే. బొటనవేళ్లతో అంచులు తడిమాడు. స్టాండు మధ్యలో చిటికెనవేలు ఆనించి, జానెడు చాపి, బొటనవేలి కొస ఎక్కడికొచ్చిందో అక్కడ ఫోన్ పట్టాడు. స్టిక్కరు దొరికిందని ఫోన్ గుర్రుమంది.

“జానెడు” అన్నాడు మెల్లగా.

మళ్లీ చేశాడు. మళ్లీ గుర్రుమంది. షాపామెకి నిద్ర ఎగిరిపోయింది. స్టాండుని తీసి బల్ల మీద పడుకోబెట్టి, “ఇప్పుడు పట్టండి చూద్దాం” అంది. పట్టాడు. తిరగేసింది. ఈ వైపు నున్నగా ఉందనీ స్టిక్కరు అవతలి వైపుందనీ చెప్పి నవ్వాడు. నేను కళ్లు మూసుకుని నా ఫోన్‌తో చేశాను. నా చొక్కా బొత్తానికి డబ్బు కట్టబోయాను.

ఆ సాయంత్రం ఒక్కడే వెళ్లి రొట్టె కొన్నాడు. గురువారం గుడ్లు వచ్చాయి. శుక్రవారం సబ్బులు. ఆ షాపులో పాత బటన్ల మిషనే ఉంది కాబట్టి అక్కడ కార్డు గీకి, చుక్క మీద వేలేసి, దర్జాగా వచ్చాడు. “ఇకమీదట షాపులోకి అడుగు పెట్టగానే కౌంటరు తడుముతాను. బటన్లు తగిలితే కార్డు, స్టాండు తగిలితే ఫోను. ఏది గొప్పదని నన్నడక్కు. ఏది చేతికందితే అదే గొప్ప.” ఆవిడ సబ్బులు లెక్కపెట్టి, ఒకటి వాసన చూసి లోపల పెట్టింది.

శనివారం మధ్యాహ్నం ఖాళీ చేతులతో వచ్చాడు.

మందుల షాపులో బటన్లూ లేవు, స్టాండూ లేదు. స్టిక్కరుని కౌంటరు ముందున్న పెద్ద అద్దం మీద అంటించారు. ఈయన అద్దమంతా తడుముతుంటే వెనక జనం గొణిగారు. ఎవరో మంచాయన “ఇలా ఇవ్వండి సార్” అని చేతిలోంచి ఫోన్ లాక్కుని స్కాన్ చేసి, పిన్ను చెప్పమన్నాడు. బాబాయ్ ఫోన్ వెనక్కి గుంజుకుని బయటికొచ్చేశాడు.

“ఇంతేనా? ఆ మాత్రలు నేను తెచ్చిస్తాను. ఆంటీకి ఎలా తెలుస్తుంది?” అన్నాను.

“అందుకే నిన్ను కాలేజీవాళ్లు వదిలించుకున్నారు.”

“వాళ్లు కాదు, నేనే వదిలేశాను.”

“ఇద్దరూ సుఖపడ్డారులే.” అల్లుతున్న సీటు మీద అరచెయ్యి అటూ ఇటూ నడిపాడు. “అది మోసం చేసి గెలిచే పందెం కాదురా. మా అక్క సెలవులు నిజంగానే పోయాయి. అక్క అడిగినదాంట్లో తప్పేమీ లేదు. నేను చెయ్యగలనో లేదో నాకూ తెలియాలి.”

“మరి రేపేగా గడువు?”

“రేపే. అందుకే ఒక పని చేసిపెట్టు. పొద్దున్నే, షాపు తలుపు తీస్తుండగానే, జనం రాకముందు నాతో రా. నా చెయ్యి పట్టుకుని ఆ స్టిక్కరు మీద ఒక్కసారి పెట్టు. నాలుగు మూలలూ తాకించు. అది నా భుజానికి ఎంత ఎత్తులో ఉందో చూసుకోనియ్యి. తర్వాత నువ్వు రోడ్డు దాటి అవతల నిలబడు. చోటు చూపించావని అక్కకి నేనే చెబుతాను, కొనడం మాత్రం ఒక్కణ్ణే. నేను ఎంతసేపు తడుముకున్నా లోపలికి రాకు. ఎవరైనా పాపం సాయం చేస్తానని నా వైపు వస్తుంటే మాత్రం, కాస్త ఆపు.”