ఐసు పెట్టెలో కౌజు పిట్టలు

అమ్మ పోయాక నాన్నను చల్లపల్లి నుంచి తెచ్చి, బెంజ్ సర్కిల్ దగ్గర మా ఫ్లాట్‌లో పెట్టుకున్నాను. ఆయన మాట్లాడటం మానేశాడు. అదైనా భరించేదాన్నేమో. ఫ్రిజ్ మోటారు ఆగిన ప్రతిసారీ మంచం మీంచి లేచి వచ్చి, ఫ్రిజ్ తలుపుకి చెవి ఆనించి నిలబడేవాడు. మోటారు మళ్లీ మొదలవగానే వెళ్లి పడుకునేవాడు. ఎందుకని అడిగితే నా వైపు చూసేవాడు కాదు. పట్టపగలే నాకు ఒళ్లు జలదరించేది.

ఆయన చేత ఒక్క మాట మాట్లాడించాలి, నా పట్టుదలంతా అదే. బతిమాలే ఓపిక నాకు పుట్టుకతోనే లేదు. అందుకని ఏదైనా పని అప్పగిద్దామని గన్నవరం వైపు ఒక ఫారం నుంచి కౌజు పిట్ట గుడ్లు తెచ్చాను. పొదిగే పెట్టె కూడా నేనే తయారుచేశాను. నాన్న జీవితమంతా చేపలకీ రొయ్యలకీ ఐసు వేసి లారీలకెక్కించిన మనిషి. ఆయన ప్యాకింగ్ షెడ్డు మూసేశాక మిగిలిన థర్మకోల్ పెట్టె ఒకటి బాల్కనీలో పడి ఉంటే, హాల్లోకి తెచ్చి దానికి బల్బు బిగించి, లోపల గిన్నెలో నీళ్లు పెట్టాను. ఎంత కడిగినా నీచు వాసన వదల్లేదు. బల్బు వేడికి అది ఇల్లంతా పాకింది. నా తెలివికి నన్ను నేనే తిట్టుకున్నాను.

గుడ్లను రోజూ అటూ ఇటూ తిప్పుతుండాలి. నాన్నకు చెప్పాను, చూపించాను, కేకలేశాను. ఆయన ముట్టుకోలేదు. చివరికి నేనే తిప్పుకున్నాను.

పిల్లలు బయటికొచ్చే సమయం దగ్గరపడ్డాక పెట్టెలోంచి చప్పుడు మొదలైంది. పెంకు పగలకముందే అవి లోపల టక్ టక్‌మంటాయి. ఒకటి మొదలుపెడితే మిగతావి అందుకుంటాయి. అన్నీ కలిసి ఒకేసారి బయటపడటానికట. సంగతి తెలిసి కూడా నాకు భయమేసింది. మూసిన తలుపు అవతల ఎవరో గోటితో కొడుతున్నట్టే ఉంది.

మర్నాడు ఆఫీసు నుంచి భోజనానికి వచ్చేసరికి హాలంతా చీకటి. ఎండ పడకుండా కర్టెన్లన్నీ లాగేసి ఉన్నాయి. బల్బు పీకేసి పక్కన పడేసి ఉంది. పెట్టె మూత చుట్టూ టేపు, అచ్చం షెడ్డులో వేసినట్టు మూలలు మడిచి బిగించిన టేపు. ఐసు ట్రేలు ఖాళీగా నేల మీద ఉన్నాయి. నాన్న పెట్టె పక్కన గొంతుక్కూర్చుని తడి చేతులు తుడుచుకుంటున్నాడు.

"ఐసు వేశావా నాన్నా?" అని అరిచాను.

"వాసనొస్తందమ్మా. ఈ ఎండకి సరుకు పాడైపోద్ది," అన్నాడు.

నెలల తర్వాత విన్న గొంతు. సంతోషించాలో ఏడవాలో తెలియక టేపు పీకబోయాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు. పెట్టెలోంచి వినపడింది, టక్. చాలాసేపటికి మళ్లీ, టక్.

నాన్న మూతకి చెవి ఆనించాడు.

"బతికే ఉన్నయ్యమ్మా," అన్నాడు. "బతికున్నవాటికి ఐసేశానే!"

తానే గోళ్లతో టేపు చీల్చి, ఐసు ముక్కలు దోసిళ్లతో ఎత్తి పారబోశాడు. గుడ్లను ఒక్కొక్కటే లుంగీతో తుడిచి, ఒళ్లో పెట్టుకుని పొట్టకు అదుముకున్నాడు. నేను పెట్టె తుడిచి బల్బు బిగించాను. గుడ్లు మళ్లీ లోపల పేరుస్తూ అడిగాడు.

"మీ అమ్మనీ ఐసు పెట్టెలోనే పెట్టారుగా. ఎవరన్నా చెవి పెట్టి విన్నారా?"

దూరపు చుట్టాలు కడచూపుకి వచ్చేదాకా అమ్మను అద్దె ఫ్రీజర్ పెట్టెలో ఉంచాం. అందరిళ్లల్లో చేసేదే. డాక్టరు చూసి చెప్పాకే చేశాం.

"నేను విన్నాను నాన్నా. ఏం లేదు," అన్నాను.

"ఆ మోటారు హోరులో ఏం వినపడుద్దమ్మా," అన్నాడు.

వంటింట్లో ఫ్రిజ్ మోటారు మోగుతూనే ఉంది. లేచి వెళ్లి దాని స్విచ్ ఆపేసి వచ్చి, నేనూ పెట్టె మూతకి చెవి ఆనించాను. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. ఇక లేవబోతుంటే నాన్న నా భుజం మీద చెయ్యి వేశాడు.

"ఉండమ్మా," అన్నాడు. "ఇంకాసేపు విను."